కంప్యూటర్ల కంటే ముందు కాటలాగు నియమాలు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరిగినప్పుడల్లా మన గ్రంథాలయాలను డిజిటల్ చేయాలన్న మాట వేదికల మీద వినిపిస్తూనే ఉంటుంది. కంప్యూటర్లు, స్కానర్లు, ఇంటర్నెట్, ఈ-పుస్తకాలు అన్నీ ఆ ప్రసంగాల్లోకి వస్తాయి గాని, పాఠకుడు అడిగిన పుస్తకం మన దగ్గర ఉందో లేదో, ఉంటే ఏ బీరువాలో ఉందో చెప్పవలసిన కాటలాగు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. గ్రంథాలయ వృత్తిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కడపవాసిగా నా మనవి ఒక్కటే. తెలుగు పుస్తకాన్ని కంప్యూటరులో ఎలా నమోదు చేయాలో అన్ని గ్రంథాలయాలూ పాటించే ఒక నియమావళిని ముందు తయారు చేసుకోవాలి. అది లేకుండా లక్షల రికార్డులు టైపు చేయించడం మొదలుపెడితే, ఖర్చు చేసిన డబ్బూ పోతుంది, పుస్తకమూ దొరకదు.

కార్డు కాటలాగు వాడినవారికి ఆ సొరుగులు గుర్తుండే ఉంటాయి. 12.5 సెంటీమీటర్ల వెడల్పు, 7.5 సెంటీమీటర్ల ఎత్తు గల కార్డు. అడుగున ఒక రంధ్రం, దాని గుండా సొరుగు పొడవునా దూర్చిన కడ్డీ. ఎడమ పక్క వర్గీకరణ సంఖ్య, ఆపైన గ్రంథకర్త పేరు, పుస్తకం పేరు, ప్రచురణ వివరాలు, అక్సెషన్ నంబరు, అంటే గ్రంథాలయం ప్రతి పుస్తకానికీ ఇచ్చే వరుస సంఖ్య. ఆ కార్డు మీద ఏదైనా లోపం ఉంటే కౌంటరు దగ్గర కూర్చున్న లైబ్రేరియన్ తన జ్ఞాపకంతో దాన్ని పూడ్చేవాడు. ‘పెన్నేటిపాట రాసినాయన’ అని అడిగితే చాలు, విద్వాన్ విశ్వం పేరు గుర్తు చేసుకుని లేచి వెళ్లి తెచ్చిచ్చేవాడు. కంప్యూటరు అలా ఊహించుకోలేదు. రికార్డులో ఏ అక్షరాలు ఎక్కించామో వాటినే వెతుకుతుంది, ఎక్కించనిది లేదని చెబుతుంది. మనిషి జ్ఞాపకంలో ఉన్నదంతా ఇప్పుడు రికార్డులోకి రావాలి కాబట్టే, కార్డుల కాలంలో కంటే ఈ కాలంలో కాటలాగు నియమాల అవసరం ఎన్నో రెట్లు పెరిగింది.

అన్నిటికంటే పెద్ద చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. చాలా సాఫ్ట్‌వేరు ఫారాల్లో మనిషి పేరుకు రెండు గడులుంటాయి. పేరులో చివర ఉన్న మాటే ఇంటిపేరు అన్న పరాయి అలవాటు మీద అవి తయారయ్యాయి. వాటిని ఉన్నదున్నట్టు నింపితే రాచమల్లు రామచంద్రారెడ్డి, కేతు విశ్వనాథరెడ్డి ఇద్దరూ ‘రెడ్డి’ అన్న మాట కింద చేరతారు. రాయలసీమ రచయితల జాబితాలో ఆ మాట కింద ఎన్ని పేర్లు పోగవుతాయో మనకు వేరే చెప్పనక్కరలేదు. కర్నూలులో పుట్టి, ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని సైతం ఒక గ్రంథాలయ కాటలాగులో ‘రావు’ల గుంపులో వెతుక్కోవలసి వస్తే అంతకంటే బాధ మరేముంటుంది? ఇది కొత్తగా బయటపడిన సమస్య కూడా కాదు. 1978లో వెలువడిన ఆంగ్లో అమెరికన్ కాటలాగు నియమావళి రెండో కూర్పులోనే భారతీయుల పేర్లకు విడిగా ఒక నియమం పెట్టి, తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ నామాల్లో వ్యక్తి పేరుకు ముందు ఊరి పేరు, వెనక కులసూచకమైన మాట రావచ్చునని చెప్పారు. నియమం పుస్తకంలోనే ఉండిపోయింది; టైపు చేసే కుర్రవాడి చేతికి మాత్రం రెండు గడుల ఫారమే వచ్చింది.

ఈ మధ్య ఒక గ్రంథాలయంలో ఒక పరిశోధక విద్యార్థిని పుట్టపర్తి నారాయణాచార్యుల పుస్తకాల కోసం కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. తెలుగు లిపిలో ‘పుట్టపర్తి’ అని కొడితే ఒక్క ఫలితమూ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘తి’కి ఒక స్పెల్లింగు కొడితే కొన్ని వచ్చాయి, దాంట్లో ‘హెచ్’ చేర్చి కొడితే వేరే కొన్ని వచ్చాయి. రెండు జాబితాల్లోనూ ఆయన కావ్యం శివతాండవం లేదు. అది ‘ఆచార్యులు’ అన్న చివరి మాట కింద, శివతాండవము అని ‘ము’తో నమోదై ఉంది. ఈ రికార్డులన్నీ ఏ పుస్తకాల గురించి చెబుతున్నాయో ఆ పుస్తకాలు మాత్రం బీరువాలో ఒకే అరలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ అమ్మాయి ఓపికగలది కాబట్టి లోపలికి వెళ్లి అరలు చూసుకుంది. ఊళ్లో కూర్చుని ఫోనులో వెతికే పాఠకుడికి అరలు చూసే వీలు లేదు. ఆ పుస్తకం లేదనుకుని ఊరుకుంటాడు.

దీనికి మందు కాటలాగు శాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని అథారిటీ ఫైలు అంటారు. ఒక రచయితకు ఒక రికార్డు, ఆ రికార్డుకు ఒక సంఖ్య; ఆయన అసలు పేరు, కలం పేరు, పొడి అక్షరాలు, ఇంగ్లీషులో వాడుకలో ఉన్న స్పెల్లింగులు అన్నీ ఆ సంఖ్యకే కట్టుబడి ఉంటాయి. విద్వాన్ విశ్వం అన్నా, మీసరగండం విశ్వరూపాచారి అన్నా ఒకే చోటికి చేరాలి. రారా అని రెండక్షరాలు కొట్టినవాడికీ, రాచమల్లు అని పూర్తిగా కొట్టినవాడికీ ఒకే పుస్తకాల వరుస కనిపించాలి. ఏ రూపం సరైనదని వాదులాడుకునే పని ఇందులో లేదు. పాఠకుడు ఏ దారిన వచ్చినా పుస్తకం దగ్గరికి చేర్చడమే దీని పని. జంటకవుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. తిరుపతి వేంకట కవులు ఒక్కరు కారని, దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఇద్దరని తెలుగు చదివినవారికి తెలుసు. ప్రొద్దుటూరు రాజశేఖర వేంకటశేష కవులంటే దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి అని ఇక్కడి పెద్దలకు తెలుసు. జంటకు ఒక రికార్డు, ఇద్దరికీ విడివిడిగా రెండు, మూడింటి మధ్యా సంబంధం: ఇంత నమోదు చేస్తేనే గడియారం వారు ఒక్కరే రాసిన శివభారతం, జంటగా రాసిన కావ్యాలు కలిసి కనిపిస్తాయి. ఈ జ్ఞానం బజారులో దొరికే సాఫ్ట్‌వేరులో ఉండదు. ప్రొద్దుటూరులోనో అనంతపురంలోనో తెలుగు పాఠం చెప్పి రిటైరైన మాస్టార్ల దగ్గర ఉంది. వారు మన మధ్య ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.

ప్రపంచంలో ఈ పని ఎక్కడిదాకా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. కార్డులోని వివరాలను యంత్రం చదవగల రూపంలో పెట్టే మార్క్ పద్ధతిని 1960ల చివర అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ రూపొందించారు. అందులో గ్రంథకర్తకు 100, పుస్తకం పేరుకు 245, విషయానికి 650 అంటూ ప్రతి వివరానికీ ఒక సంఖ్య ఉంటుంది. 2010లో ఆర్‌డీఏ అనే కొత్త నియమావళి వచ్చింది, 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని పూర్తిగా అమలులో పెట్టింది. మార్క్ స్థానంలో వెబ్‌కు అనువైన బిబ్‌ఫ్రేమ్ కోసం 2011 నుంచి కృషి సాగుతోంది. మన దేశం ఈ రంగంలో వెనకబడినదేమీ కాదు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1934లోనే క్లాసిఫైడ్ కాటలాగ్ కోడ్ ప్రచురించారు. అయితే ఏ అంతర్జాతీయ నియమావళి అయినా చట్రాన్ని మాత్రమే ఇస్తుంది. తెలుగు పేరును ఎక్కడ విడదీయాలి, తెలుగు సంవత్సరాన్ని ఎలా రాయాలి అన్న నిర్ణయాలు తెలుగువాళ్లే చేసుకోవాలి.

ఆ నిర్ణయాల్లో మొదటిది లిపి. తెలుగు పుస్తకం రికార్డు తెలుగు లిపిలోనే ఉండాలని, రోమన్ రూపం దానికి తోడుగా మాత్రమే రావాలని నా గట్టి అభిప్రాయం. ఒకప్పుడు ఇది సాధ్యం కాలేదన్నది నిజమే. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం కింద కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి చేరిన పుస్తకాలతో 1958 నుంచి వెలువడిన భారత జాతీయ గ్రంథసూచి అన్ని భాషల పుస్తకాలనూ రోమన్ లిపిలోనే చూపింది. అన్నిటినీ ఒకే వరుసలో పేర్చడానికి అప్పట్లో వేరే మార్గం లేదు. అమెరికా గ్రంథాలయాలకు వెళ్లిన తెలుగు పుస్తకాలూ అలాగే రోమన్ కాటలాగుల్లోకి ఎక్కాయి. కాని ప్రపంచ లిపులకు కంప్యూటరులో సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం 1991లో వెలువడినప్పుడు, దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. మార్క్ పద్ధతిలో సొంత లిపిలోని రూపాన్ని జత చేయడానికి 880 అనే గడి ఉంది. ఇంత వీలు కలిగాక కూడా మన దగ్గర తెలుగు పేర్లను తోచిన ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. తెలుగు నుంచి రోమన్‌కు మార్చడానికి ఐఎస్ఓ 15919 అనే ప్రమాణం 2001 నుంచి ఉంది, కంప్యూటరే ఆ మార్పు చేసిపెడుతుంది. అజాగ్రత్తగా కొట్టిన రోమన్ నుంచి తెలుగుకు తిరిగి రావడం మాత్రం కుదరదు. నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ‘రామ’ అని కొడితే అది రమ అనా, రామ అనా, రమా అనా ఏ యంత్రమూ తేల్చలేదు.

ఈ అజాగ్రత్త ఎంత నష్టం చేస్తుందో తెలియాలంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం చూడాలి. ఆ ప్రాజెక్టు వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి కాపాడింది, అందుకు దానికి మనమందరం రుణపడి ఉన్నాం. కాని పుస్తకాల పేర్లను సున్నాకు ‘ఎన్’ పక్కన పైన ఒక కామా, దీర్ఘానికి రెండేసి అచ్చులు పెట్టే విచిత్రమైన రోమన్‌లో కొట్టించారు. చాలా పుస్తకాలకు గ్రంథకర్త పేరు ఉండవలసిన చోట ‘లభ్యం కాలేదు’ అని ఇంగ్లీషులో పడింది. ముఖపత్రం తిప్పి చూస్తే ఆ పేరు పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. ఆ పుస్తకాలు తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినా పేర్లు అవే. తెలుగు వికీసోర్సులో పనిచేసే ఔత్సాహికులు ఒక్కొక్క పుస్తకం తెరిచి సరైన పేరు, రచయిత, సంవత్సరం రాసుకుంటూ వస్తున్నారు. జీతం లేకుండా ఆ పని చేస్తున్నవారికి నా నమస్కారం. మొదట కొట్టినప్పుడే పది నిమిషాలు ఎక్కువ తీసుకుని ఉంటే వారికి ఆ శ్రమ తప్పేది.

లిపి తర్వాత పుస్తకం పేరు. పెన్నేటిపాట అని కలిపి రాయాలా, పెన్నేటి పాట అని విడదీయాలా? రికార్డులో ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలి. వెతుకులాటలో మాత్రం ఖాళీ ఉన్నా లేకపోయినా, ‘ము’ ఉన్నా సున్నా ఉన్నా, బండి ఱ ఉన్నా మామూలు ర ఉన్నా, అరసున్న ఉన్నా లేకపోయినా ఒక్కటిగానే లెక్కించేటట్టు నియమం పెట్టాలి. ఇది సాఫ్ట్‌వేరు చేసేవారికి చిన్న పని. చెప్పేవారు లేక ఆగిపోయింది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలు కూడా మన కార్యాలయాల్లో చాలా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ఒక మనిషి చదివి సరిచూస్తే కొంత శ్రమ కలిసివస్తుంది.

సంవత్సరాల సంగతి మరీ సున్నితమైనది. పాత పుస్తకాల ముఖపత్రం మీద చాలాసార్లు ‘విరోధి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకొకసారి తిరిగి వచ్చే పేరు కాబట్టి అది 1889-90 కావచ్చు, 1949-50 కావచ్చు. ముద్రాక్షరశాల ఎప్పటిదో, కాగితం, అచ్చు ఎలా ఉన్నాయో చూసి తేల్చవలసిన విషయమిది. ముఖపత్రం మీద ఉన్నదాన్ని ఒక గడిలో, కాటలాగరు తేల్చిన ఇంగ్లీషు సంవత్సరాన్ని వేరే గడిలో, ఏ ఆధారంతో తేల్చారో ఒక వాక్యంలో రాయాలన్న నియమం ఉండాలి. ఊహను వాస్తవంలాగా ఎక్కిస్తే అది అక్కడి నుంచి పరిశోధన వ్యాసాల్లోకి పాకుతుంది.

కడప నుంచి రాస్తూ బ్రౌన్ దొరను తలచుకోకుండా ఉండలేను. 1820లో ఈ ఊరికి వచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించిన ఆ మనిషి 1829లో 693 వేమన పద్యాలను అచ్చు వేయించి, 1839లో 1164 పద్యాలతో మళ్లీ ప్రచురించాడు. మామూలు కాటలాగులో ఈ రెండూ వేమన పద్యాలన్న ఒకే పేరుతో, ప్రచురణ సంవత్సరం తప్ప వేరే తేడా లేకుండా కనబడతాయి. ఆ తర్వాత వచ్చిన కూర్పుల్లో ఏది దేన్ని అనుసరించిందో, ఏది టీకాతో ఉందో, ఏది అనువాదమో పాఠకుడికి తెలిసే మార్గం లేదు. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2017లో ఆమోదించిన నమూనా సరిగ్గా ఈ చిక్కునే విప్పుతుంది. రచన ఒకటి, దాని పాఠాలు, అనువాదాలు అనేకం, ఒక్కొక్క పాఠానికి ముద్రణలు అనేకం, ఒక్కొక్క ముద్రణకు ఫలానా అరలో ఉన్న ఫలానా ప్రతి. ఒకే కావ్యానికి పాఠాంతరాలు, వ్యాఖ్యానాలు, పరిష్కరణలు ఇంత విస్తారంగా ఉన్న తెలుగుకు ఆ నాలుగు మెట్ల పద్ధతి ఎంతో నప్పుతుంది. బ్రౌన్ బంగళా ఉన్న చోటనే వెలసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వేమనతోనే ఈ ప్రయోగం మొదలుపెడితే బాగుంటుంది.

మెకంజీ కైఫియత్తుల విషయం కూడా ఇలాంటిదే. దత్తమండలంలోని ఊరూరి చరిత్రను కరణాల నోట విని, కవిలెలనే గ్రామ లెక్కల కట్టలు చూసి రాయించిన ఆ సంపుటాలకు కాటలాగులో సంపుటానికి ఒక్క రికార్డే ఉంటుంది. తన ఊరి కైఫియత్తు ఉందో లేదో తెలుసుకోవాలనుకునే రైతు బిడ్డకు ఆ ఒక్క రికార్డు ఏ సాయమూ చేయదు. ప్రతి కైఫియత్తుకూ విడి నమోదు చేసి, ఊరి పేరుకు పాత రూపం, ఇప్పటి రూపం, ఇప్పటి మండలం, జిల్లా జోడించాలి. జిల్లాల పేర్లూ సరిహద్దులూ మారుతూనే ఉన్నాయి. కడప జిల్లాకు 2010లో పేరు మారింది, 2022లో దాని నుంచి కొంత భాగం అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలు విడిపోయాయి. స్థలాలకు కూడా మనుషులకు లాగానే అథారిటీ రికార్డులు లేకపోతే, 1953 నుంచి 1956 దాకా కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం ప్రచురణలు సైతం తర్వాతి ఆంధ్రప్రదేశ్ ప్రచురణల్లో కలిసిపోతాయి.

పత్రికల గురించి ఎంత చెప్పినా తక్కువే. అనంతపురం నుంచి 1926లో మొదలైన శ్రీసాధన, కడప నుంచి 1968లో రారా సంపాదకత్వంలో వచ్చిన సంవేదన వంటివి పూర్తి సెట్లుగా ఒక్క చోట దొరకడం కష్టం. ఎవరి దగ్గర ఏ సంచికలున్నాయో సంచిక సంచికకూ చెప్పే ఉమ్మడి జాబితా ఒకటి ఉంటే, స్కాన్ చేయడానికి పూనుకున్నవారికి ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. ఆ కాగితం ఇప్పటికే వేలు తగిలితే పొడిగా రాలుతోంది.

ఇంత శ్రమ దేనికి, పుస్తకాలన్నీ స్కాన్ చేస్తే లోపలి మాటలే వెతుక్కోవచ్చు కదా, పైగా ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. పాత తెలుగు అచ్చును యంత్రం చదివేటప్పుడు వత్తులు తారుమారవుతాయి, అరసున్నలు మాయమవుతాయి. అది క్రమంగా మెరుగుపడవచ్చు. మెరుగుపడినా, వేమన అన్న మాట ఉన్న వేల పుటలు ఒక్కసారిగా ముందుకు వస్తే, వాటిలో వేమన పద్యాలున్న పుస్తకమేదో, వేమనను ఒక్కసారి తలచుకున్న పుస్తకమేదో చెప్పవలసింది కాటలాగే. హక్కులు ముగియనందువల్ల స్కాన్ చేయడానికి వీల్లేని పుస్తకాలు మన అరల్లో చాలా ఉన్నాయి, వాటికి కాటలాగు రికార్డు తప్ప డిజిటల్ ఉనికే లేదు. ఇక కృత్రిమ మేధ అంటారా, అది నేర్చుకునేది మనం రాసిపెట్టిన రికార్డుల నుంచే. ‘రెడ్డి’ని ఇంటిపేరుగా మనం ఎక్కిస్తే అదీ అలాగే నేర్చుకుంటుంది.

డబ్బు గురించి పెద్దగా బెంగపడనక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ప్రజలు కడుతూనే ఉన్నారు. స్థానిక సంస్థలు దాన్ని సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేస్తే చాలు. సాఫ్ట్‌వేరు కొనవలసిన పని కూడా లేదు. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 నుంచి వాడుకలో ఉన్న కోహా ఉచితంగా దొరుకుతుంది, యూనికోడ్ తెలుగును స్వీకరిస్తుంది. జాతీయ సమాచార కేంద్రం వారి ఈ-గ్రంథాలయ కూడా ఉంది. కావలసింది మనుషులు. శాఖా గ్రంథాలయాల్లో ఒక్కరే తలుపు తీసి, పత్రికలు సర్ది, పుస్తకాలిచ్చి, రిజిస్టరు రాసి తలుపు వేస్తున్నప్పుడు కాటలాగు పనికి సమయమెక్కడిది?

కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థలు, యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ విశ్వవిద్యాలయాలు కలిసి ఒక చిన్న సంఘం వేసుకోవాలని కోరుతున్నాను. అందులో కాటలాగర్లతో పాటు తెలుగు పండితులు, సాఫ్ట్‌వేరు తెలిసినవారు, మన గ్రంథాలయాల్లో ఉన్న ఉర్దూ పుస్తకాల కోసం ఉర్దూ తెలిసినవారు, అనంతపురం, ఆదోని వైపు ఉన్న కన్నడ పుస్తకాల కోసం కన్నడం తెలిసినవారు కూడా ఉండాలి. మొదట రాయలసీమ రచయితల పేర్లకు అథారిటీ ఫైలు తయారు చేసి, దాన్ని ఎవరైనా వాడుకునేటట్టు, తప్పులుంటే చెప్పేటట్టు బహిరంగంగా పెట్టాలి. అందరూ ఉచితంగా వాడుకోగల సమాచార నిధి వికీడేటాలో చేరిస్తే ప్రపంచంలోని ఏ గ్రంథాలయమైనా అందుకోగలదు. నియమావళిని తెలుగులో, ఉదాహరణలతో, శాఖా గ్రంథాలయంలో కొత్తగా చేరినవారు కూడా చదివి అర్థం చేసుకునేటట్టు రాయాలి. ఆ తర్వాతే టైపు చేసే పనిని కాంట్రాక్టుకు ఇవ్వాలి. రికార్డుకు ఇంత అని లెక్కగట్టి డబ్బిచ్చే పద్ధతిలో సరిచూసే బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే రాయాలి.

కంప్యూటరు వచ్చిందన్న ధీమాతో పాత కార్డు సొరుగులను, చేత్తో రాసిన అక్సెషన్ రిజిస్టర్లను చిత్తు కాగితాల కింద అమ్మేయవద్దని కూడా గ్రంథాలయ సంస్థల అధికారులకు విన్నవించుకుంటున్నాను. ఆ కార్డుల వెనక వైపున ఏ పుస్తకం ఎవరు బహూకరించారో, ఏ కలం పేరు ఎవరిదో, ఒకే బైండులో ఏయే చిన్న పుస్తకాలు కలిసి ఉన్నాయో పెన్సిలుతో రాసిన వివరాలున్నాయి. కొత్త రికార్డును ఆ కార్డు రెండు వైపులతోనూ, అరలో ఉన్న పుస్తకంతోనూ సరిచూసి సంతకం చేసేదాకా వాటిని భద్రంగా ఉంచాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత లైబ్రేరియన్,
కడప.